కరిచే పిల్ల, కొట్టించిన పంతులమ్మ

మొన్న మా వీధిలో కొత్తగా అద్దెకు దిగిన ఒక టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు. ఒకటో తరగతి ఇచ్చారట. కూర్చోగానే మొదలుపెట్టింది.

"అమ్మా, మా క్లాసుల ఒక పోరడున్నడు. పక్కోన్ని కొడ్తడు, రక్కుతడు, పలకలు ఇసురుతడు. వాన్ని ఏం జెయ్యాలె?"

"నువ్వేం జేస్తున్నవు?" అన్నాను.

"నేనేం జేస్తనమ్మా, జేసేది వాడు గద."

నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద కాదు. సరిగ్గా ఈ మాటే నేనూ ఒకప్పుడు అన్నాను, ఇంతకంటే ధీమాగా అన్నాను. చాయ్ ఇచ్చి, ఏదో నాలుగు ముక్కలు చెప్పి పంపించాను. నోటితో చెప్పబోతే నాకు కోపం ముందు వస్తుంది, మాట తర్వాత వస్తుంది. అందుకని కాగితం పట్టుకున్నాను.

ముప్పై నాలుగేళ్ళు బడిలో పనిచేశాను. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఏ ఆఫీసులో ఏ ఫైలు ఆగింది అన్నవి రాయను. వాటి వల్ల ఏ పిల్లకూ ఒక్క అక్షరం రాలేదు. ఒక పిల్ల సంగతి రాస్తాను. కొత్తగా బడిలో అడుగుపెట్టేవాళ్ళు చదివితే చాలు. నన్ను మెచ్చుకోవడానికి ఇందులో ఏమీ దొరకదు.

కుర్చీలోంచి లేవకుండా

నేను చిన్నప్పుడు చదివింది ఉర్దూలో. పోలీస్ యాక్షన్ అయ్యాక బడులు తెలుగులోకి మారాయి. మేము కూడా మారాం. కరీంనగర్‌లో ట్రైనింగ్ చేశాను. అక్కడ తకిలీతో నూలు వడకడం నేర్పారు, అట్టతో బొమ్మలు చేయడం నేర్పారు, పాఠం ప్లాను గళ్ళు కొట్టి రాయడం నేర్పారు. ఆరేళ్ళ పిల్ల పక్కపిల్లను కరిస్తే ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు. నూలు మాత్రం సన్నగా వడికేదాన్ని.

మొదటి బడి జమ్మికుంట దగ్గర ఒక ఊళ్ళో. ఒకే గది, మూడు తరగతులు. అక్కడ నాకంటే ముందు పనిచేసిన సారు నాకొక పద్ధతి అప్పగించి పోయాడు. అది ఆయన కనిపెట్టింది కాదు, నేనూ దాని కిందే పెరిగాను. టీచరు కూర్చున్న చోటు నుంచే ప్రశ్న అడుగుతుంది. చెప్పలేని పిల్లలు వరసగా నిలబడతారు. చెప్పిన పిల్ల లేచి, ఆ వరస వెంట నడుస్తూ, ఎడమచేత్తో ఒక్కొక్కరి ముక్కు పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొడుతుంది. మెల్లగా కొడితే టీచరు ఆ పిల్లను దగ్గరకు పిలిచి, గట్టిగా కొట్టడం ఎట్లాగో ఆమె చెంప మీదే చూపిస్తుంది.

ఈ పద్ధతి టీచర్లకు ఎందుకంత ఇష్టమో చెబుతాను. డెబ్బై మంది పిల్లలు ఉన్నా కుర్చీలోంచి లేవక్కరలేదు. చేయి నొప్పి పుట్టదు. తల్లిదండ్రులు వచ్చి అడిగితే, "నేను ముట్టనే లేదు, పిల్లలే కొట్టుకున్నరు" అనవచ్చు. నేను చాలాసార్లు అన్నాను. ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చినప్పుడు గది నిశ్శబ్దంగా ఉండేది. నా క్లాసు క్రమశిక్షణ చూసి అందరూ నేర్చుకోవాలని ఆయన రిజిస్టర్లో రాసి పోయాడు. ఆ పేజీని పదిమందికి చూపించుకున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. చదువుకునే రోజుల్లో నేను తెలివిగల పిల్లను. అందుకని ఎప్పుడూ కొట్టే వైపే ఉన్నాను. నాకది బాగుండేది.

సక్కు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొన్నేళ్ళకు నన్ను గోదావరి అవతల ఒక బొగ్గు బస్తీకి మార్చారు. ఊరి పేరు రాయను, ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళై ఉంటారు. క్వార్టర్ల వరస చివర కంపెనీ ఇచ్చిన రెండు పెద్ద గదుల్లో బడి. షిఫ్టు కూత మోగిందంటే సగం మంది పిల్లలు కిటికీల్లోంచి చూసేవాళ్ళు, బాపు బాయిలోంచి పైకి వచ్చాడేమోనని. అక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. ఎక్కడెక్కడి నుంచో బతకవచ్చిన కుటుంబాలు. నా ఒకటో తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, ఉర్దూ, మరాఠీ, గోండి మాట్లాడేవాళ్ళు పక్కపక్కనే కూర్చునేవారు. పాఠం మాత్రం తెలుగు. అదొక చిక్కు అని కూడా నాకు తోచలేదు.

ఆ ఏడు జూన్‌లో కాశీబాయి అనే ఆమె తన కూతురిని తెచ్చి చేర్చింది. వాళ్ళది మహారాష్ట్ర సరిహద్దు వైపు ఊరు. మొగుడు బాయి పని చేస్తాడు, ఆమె కంపెనీ బంగళాల్లో గిన్నెలు తోముతుంది. పిల్ల పేరు సక్కుబాయి. ఆరేళ్ళుంటాయి. ఎప్పుడూ జలుబు, ఎప్పుడూ సగం తెరిచిన నోరు. మొదటి నెల ఎవరి జోలికీ పోలేదు. ఏది అడిగినా ఏదో గొణిగి నిలబడేది. వరస వచ్చినప్పుడు ముక్కు పట్టించుకుని, చెంపదెబ్బ తిని కూర్చునేది. రోజుకు నాలుగైదు ప్రశ్నలు, నాలుగైదు దెబ్బలు. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మొద్దు పిల్ల అనుకున్నాను.

వానలు పడ్డాక ఒకరోజు కరిచింది. కొట్టడానికి వెళ్ళినవాడు ప్రభాకర్. గనిలో ఓవర్‌మన్‌గా కూలీల మీద అజమాయిషీ చేసే కోస్తా ఆయన కొడుకు, నా క్లాసులో అందరికంటే చురుకైనవాడు. వాడి బొటనవేలు దవడల మధ్య ఇరికించుకుని వదల్లేదు. నెత్తురు వచ్చింది. నేను జుట్టు పట్టి లాగితే గాని విడిపించలేకపోయాను.

అక్కడితో ఆగలేదు. వారం తిరిగేసరికి ముక్కు పట్టడానికి ఎవరు వచ్చినా కరిచేది. మరో వారానికి దగ్గరికి ఎవరు వచ్చినా రక్కేది. పక్కన కూర్చున్న పిల్ల కింద పడ్డ బలపం తీసుకోవడానికి చేయి చాపితే ఆ చేయిని కూడా కరిచింది. పిల్లలు ఆమె చుట్టూ ఖాళీ వదిలి కూర్చోవడం మొదలుపెట్టారు. గోడకుర్చీ వేయించాను. అరచేతుల మీద బెత్తంతో కొట్టాను. మూలన గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. నేను ఎంత చేస్తే ఆమె అంత చేసింది. పై ఊళ్ళ టీచర్లు కలిసినప్పుడు, "మా బడిల ఒక కరిచే పిల్ల ఉన్నది" అని నవ్వుకుంటూ చెప్పేదాన్ని.

చిక్కం

ఒక ఉదయం సక్కు విసిరిన పలక తగిలి ఒక పిల్ల కనుబొమ్మ చీరుకుపోయింది. ఏడుపు విని పక్క గదిలోంచి పెద్దసారు వచ్చాడు. మా బడికి ఆయనే హెడ్మాస్టరు. కరీంనగర్ వైపు భూములున్న కుటుంబం. ఇంట్లో ఆవు, దూడ ఉండేవి.

"మట్టి తినకుంట దూడకు చిక్కం కడ్తం గద, గా తీరుగ కడ్తే సీదా అయితది" అని నవ్వి, చప్రాసీని ఇంటికి పంపించాడు. పది నిమిషాల్లో చిక్కం వచ్చింది. దూడ మూతికి తొడిగే తాళ్ళ బుట్ట.

ఆయన కట్టలేదు. చప్రాసీ కట్టలేదు. నేనే కట్టాను. తల వెనక ముడి వేశాను. ముడిలో జుట్టు చిక్కుకుంటే సర్ది మళ్ళీ వేశాను. పిల్లలు పడీపడీ నవ్వారు. సక్కు ఏడవలేదు, గింజుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నం గంట కొట్టేదాకా కదలకుండా కూర్చుంది. ఆ పూట పాఠం సాఫీగా సాగింది. నాకు హాయిగా కూడా అనిపించింది. ఇది రాయడానికి చేయి రావడం లేదు, కాని రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

కొంతమంది ఈమాట విని, "పోనీలెండి, ఆ రోజులే అట్లాంటివి" అంటారు. రోజులు ముడి వేయలేదు. నా వేళ్ళు వేశాయి.

గడపలో కూర్చున్న తల్లి

మరునాడు పొద్దున కాశీబాయి పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే ఏం జవాబివ్వాలో సిద్ధం చేసుకున్నాను కూడా. ఆమె అరవలేదు.

"పంతులమ్మా, మా సక్కి ఇంట్ల ఎవ్వల్ని కరువది. తమ్ముడు జుట్టు గుంజినా ఊకుంటది. ఈడ ఎందుకు కరుస్తుందో జర చూస్త. గీ గడపల కూసుంట, ఏం మాట్లాడ."

కూర్చోమన్నాను. నా క్లాసు ఎంత క్రమంగా నడుస్తుందో ఆమెకు చూపించాలనిపించింది. అందుకని రోజూ చేసేదే, ఇంకొంచెం జోరుగా చేశాను. గోళీలు పెట్టి లెక్కలు అడిగాను. చెప్పలేనివాళ్ళు నిలబడ్డారు. ఒకసారి వరస నడిచింది, సక్కు దెబ్బ తింది. రెండోసారి నడిచింది, తింది. మూడోసారి కరిచింది. కాశీబాయి లేచి నా కుర్చీ దగ్గరకు వచ్చింది.

"ముక్కు పట్టంగనే దానికి దమ్ము ఆడదు. నోరు తెరుస్తది. తెరిసిన నోటికాడికే చెయ్యి పోతున్నది. ఇగ అది ఏం జేస్తది? అది కరుస్తున్నదా పంతులమ్మా, మీరు కరిపిస్తున్నరా?"

"బడి అంటే గిట్లనే ఉంటది. మేమందరం గిట్లనే చదువుకున్నం" అన్నాను.

"మీ ముక్కు ఎవలన్న పట్టిండ్రా?" అని అడిగింది.

ఎవరూ పట్టలేదు. ఆ సంగతి పైన రాశాను. ఆమెకు చెప్పలేదు. "పనికి పొద్దు పోతున్నది, నువ్వు పో" అన్నాను. ఆమె వెళ్ళింది.

ఆ రోజంతా ఆమె మీద పళ్ళు నూరాను. అక్షరం రానిది నాకు పాఠం చెబుతుందా అనుకున్నాను. సాయంత్రం ఇంట్లో కుంపటి ముందు కూర్చుని, ఎవరూ చూడడం లేదని చూసుకుని, ఎడమచేత్తో నా ముక్కు గట్టిగా పట్టుకున్నాను. నోరు దానంతట అదే తెరుచుకుంది. కుడిచేత్తో చెంప మీద ఒక్కటి వేసుకున్నాను. నా నాలుక నా పళ్ళ కిందే పడింది. అంత చిన్న సంగతి. పదేళ్ళ సర్వీసులో ఒక్కరోజు కూడా చేసి చూడలేదు.

బందు చేశాక

తెల్లారి ప్రశ్న అడిగాను. ప్రభాకర్ జవాబు చెప్పి, అలవాటుగా వరస వైపు నడవబోయాడు. కూర్చోమన్నాను. వాడు బిక్కముఖం వేసి, "తప్పు చెప్పానా టీచర్?" అని అడిగాడు. ఆ రోజు నుంచి నా గదిలో ముక్కు పట్టడం బందు చేశాను. బెత్తం కూడా పక్కన పెట్టాను.

పిల్ల వెంటనే మారిందని రాస్తే మీరు నమ్మకండి. అలా రాసేవాళ్ళు బడి మొహం చూడనివాళ్ళు. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు ఎవరినో రక్కేది. మూలలోంచి తీసి నా కుర్చీ పక్కన, తలుపు దగ్గర గాలి తగిలే చోట కూర్చోబెట్టాను. ఎవరూ ఆమె ముఖానికి ఎదురుగా చేయి చాపకూడదని పిల్లలకు చెప్పాను, నేనూ పక్క నుంచే వెళ్ళి పక్కనే కూర్చునేదాన్ని. రెచ్చిపోబోయే ముందు ఆమె పెదవులు లోపలికి మడిచి, కాలివేళ్ళు ముడుచుకునేది. అది కనిపెట్టడానికి నాకు పది రోజులు పట్టింది. కనిపెట్టాక, సరిగ్గా అప్పుడే లేపి, "పోయి కుండల నీళ్ళున్నయో లేవో చూసి రా" అని పంపేదాన్ని. తిరిగి వచ్చేసరికి సగం చల్లబడేది.

కరిచినప్పుడు చేయి వెనక్కు లాగకండి. లాగితే చర్మం చీరుతుంది, పిల్ల ఇంకా బిగిస్తుంది. కొంచెం లోపలికి నెట్టండి, దవడ సడలుతుంది. ఇది నాకు ఏ ట్రైనింగూ చెప్పలేదు, నా చేతి మీద నేర్చుకున్నాను. ఆ రోజుల్లోనే నేను రెండుసార్లు సహనం తప్పి ఆమెను కొట్టాను. కొట్టిన చేత్తోనే నీళ్ళు తాగించాను.

మూడో వారంలో ఒకరోజు గోళీలు ముందు పెట్టి, రెండూ రెండూ ఎన్ని అని అడిగితే సక్కు చిన్నగా "చార్" అంది. జూన్ నుంచి అదే అంటోంది. మరాఠీలో నాలుగును అట్లాగే అంటారు. ఉర్దూలోనూ అంతే. నేను ఎక్కాలు నేర్చుకున్నదే ఉర్దూలో. ఈ రోజుకీ కూరగాయల లెక్క వేసుకుంటే నా నోట్లో ముందు వచ్చేది దో, తీన్, చారే. ఆ పిల్ల సరైన జవాబు చెప్పిన ప్రతిసారీ తప్పని నిలబెట్టి కొట్టించాను. పాఠం తెలుగులో చెప్పమన్నారు గాని, చెవులు మూసుకోమని ఎవరూ నాకు ఆర్డరు ఇవ్వలేదు.

దసరా సెలవుల తర్వాత నెల రోజుల పాటు సక్కు ఎవరినీ కరవలేదు. పలక మీద తన పేరు రాసింది. ప్రభాకర్ పక్కన కూర్చుంది.

నాలుగు రోజుల సెలవు

ధర్మపురిలో మా చెల్లెలి కాన్పుకు నాలుగు రోజులు సెలవు పెట్టాను. నా క్లాసు పెద్దసారు చూసుకుంటానన్నాడు. తిరిగి వచ్చి హాజరు తీసుకుంటుంటే సక్కు పేరు మీద ఎర్రసిరా గీత ఉంది. పెద్దసారు గదికి వెళ్ళాను.

"నువ్వు లేనప్పుడు గా పోరి మళ్ళ ఓవర్‌మన్ కొడుకును కరిసింది" అన్నాడు. ఎప్పుడూ మీరు అనే మనిషి ఆ రోజు నువ్వు అన్నాడు. "ఆయన మేనేజర్ కాడికి పోత అన్నడు. బిల్డింగు కంపెనీది. ఒక్క పోరి కోసం బడి మూసుకోవాల్నా? అందుకే పేరు కొట్టేసిన."

"మీరు ముక్కు పట్టిపిచ్చిండ్రా సార్?"

"ఎక్కాలు రాకపోతే మరేం జెయ్యాలె, ముద్దు పెట్టుకోవాల్నా?"

"నెల దినాల సంది ఆ పిల్ల ఎవ్వల్ని ముట్టలే."

"అంటే నువ్వు అడుగుడు బంద్ జేసినవు."

"అడుగుడు కాదు సార్, కొట్టుడు బంద్ జేసిన."

"రెండు ఒక్కటే గద" అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అట్లా అనుకున్నాడు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. పలకలు లేని పిల్లలకు పలకలు కొనిచ్చేవాడు, జ్వరం వచ్చిన పిల్లను తన సైకిల్ మీద ఇంటికి దింపేవాడు. ఆ మనిషికే పిల్లను అడగడం, పిల్లను కొట్టడం ఒకే పని. మీకు ఇట్లాంటి పెద్దసార్లు చాలామంది తగులుతారు. వాళ్ళ మంచితనం చూసి మెత్తబడకండి.

చివరికి ఆయన ఒక మాట అన్నాడు. ఓవర్‌మన్ తనకేమీ అభ్యంతరం లేదని కాగితం మీద రాసిస్తే పేరు మళ్ళీ ఎక్కిస్తానన్నాడు. రాయడని ఆయనకు ధీమా. పేరు ఎక్కకపోతే సక్కు చదువు అంతటితో సరి. పంపితే ఉట్నూరు అవతల అమ్మమ్మ ఊరికే పంపుతారు, ఆ ఊళ్ళో బడి లేదు, మేకలున్నాయి.

ఓవర్‌మన్ ఇంట్లో

ఆ సాయంత్రమే ఓవర్‌మన్ ఇంటికి వెళ్ళాను. ఆయన అప్పుడే షిఫ్టు దిగి స్నానం చేసి కూర్చున్నాడు. నన్ను చూడగానే కొడుకును పిలిచి, కట్టు కట్టిన వేలు చూపించాడు.

"చూడండమ్మా, ఎలా కొరికిందో. బడికి పంపిస్తున్నామా, అడవికి పంపిస్తున్నామా?"

"అది ఎందుకు కరిచిందో మీ అబ్బాయినే చెప్పమనండి" అన్నాను.

ప్రభాకర్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి రెండుసార్లు అడిగాక నోరు విప్పాడు.

"ముక్కు పట్టుకుని కొట్టాను నాన్నా. పెద్దసారు కొట్టమన్నారు."

"నువ్వెందుకు కొట్టావురా?"

"మెల్లగా కొట్టాను. అలా కాదని సారు నన్ను కొట్టి చూపించారు. మళ్ళీ వెళ్ళి గట్టిగా కొట్టాను. నాకు భయమేసింది." నా వైపు చూడకుండా అన్నాడు. "ముందు టీచరు కూడా అలాగే కొట్టమనేవారు."

ఆయన కొడుకును లోపలికి పంపించాడు. "అయితే వీడిచేత కొట్టించింది మీరా?" అన్నాడు. అవునన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన కాగితం తెప్పించి రెండు లైన్లు రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. గుమ్మం దాకా కూడా రాలేదు. రావలసిన అవసరమూ లేదు.

పెద్దసారు ఆ కాగితం మూడుసార్లు చదివి, మొహం మాడ్చుకుని, రిజిస్టరులో అందరికంటే కింద సక్కు పేరు మళ్ళీ రాశాడు.

రెండో తరగతి

బడి వదలగానే కాశీబాయి ఇంటికి దాదాపు పరుగెత్తాను. ఆమె నల్లా దగ్గర బిందె పట్టుకుని వరసలో ఉంది. సక్కు తమ్ముణ్ణి చంకనెత్తుకుని పక్కన నిలబడి ఉంది. వాడు ఆమె చెవి పట్టుకుని గుంజుతుంటే నవ్వుతోంది. బడిలో అంతకాలం చూశాను, ఆ పిల్ల పళ్ళు నవ్వినప్పుడు ఎట్లా ఉంటాయో నాకు తెలియదు.

పేరు ఎక్కింది, రేపు పంపించమన్నాను. కాశీబాయి అంతా విన్నది. మొహంలో సంతోషం ఏమీ కనబడలేదు.

"ఎల్లుండి మా అమ్మ కాడికి తోలిస్తున్న పంతులమ్మా. మీరు ఇంత తిరిగిండ్రు, కోపం తెచ్చుకోకుండ్రి."

"నా క్లాసుల ఇగ ఎవ్వలు దాని ముక్కు పట్టరు. నేను మాటిస్తున్న."

"మీరు పట్టిపియ్యరు. నాకు తెల్సు. నడుమ మంచిగ చూసిండ్రు, కాదంటలే." ఆమె ముందున్న బిందె నిండింది, వరస ఒక అడుగు జరిగింది. "మరి వచ్చే యేడు రెండో క్లాసుల ఎవలు చెప్తరు?"

"పెద్దసారు" అన్నాను.

ఆమె తల ఊపింది. తన బిందె నల్లా కింద పెట్టి, అది నిండేదాకా నీళ్ళ వైపే చూసింది.

"మీ క్లాసు ఒక్క యేడే గద" అంది.

సక్కు వెళ్ళిపోయింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు. వాళ్ళ కుటుంబాన్ని కంపెనీ వేరే బాయికి మార్చిందని విన్నాను, అంతే.

నా క్లాసులో దెబ్బ లేదని, నేను మారానని చాలాకాలం చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు టీచర్లు ఆ మాట చెబితే నాకు ఒళ్ళు మండిపోతుంది. మీ గదిలో కొట్టడం లేదని నాతో చెప్పకండి. అవతలి గదిలో ఏం జరుగుతోందో, దాని గురించి మీరు ఎవరితో పోట్లాడారో చెప్పండి. నేను ఎవరితోనూ పోట్లాడలేదు. ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు ఉత్తరం రాసి పెట్టెలో దాచాను. బదిలీ చేస్తారని, పెద్దసారుతో రోజూ మొహమాటమని, ఏవో కారణాలు చెప్పుకున్నాను. ఆ ఏడంతా గోడ అవతలి నుంచి చెంపదెబ్బల చప్పుడు వినబడేది. నేను గొంతు పెంచి పాఠం చెప్పేదాన్ని.

ఏప్రిల్‌లో నా పిల్లలందరినీ పాస్ చేశాను. జూన్‌లో బడి తెరిచిన రోజు వాళ్ళను వరసలో నిలబెట్టి పెద్దసారు గది దాకా నేనే తీసుకువెళ్ళాను. అందరికంటే ముందు ప్రభాకర్ ఉన్నాడు. గడప దగ్గర ఆగి, వెనక్కు తిరిగి నా మొహం చూశాడు.

"పో బిడ్డా, లోపటికి పో" అన్నాను.